గర్భసంచి జారినందుకు అమర్చిన జాలీ: దానిని తొలగించే శస్త్రచికిత్స

గర్భసంచి జారడమన్నది మన సరిహద్దు గ్రామాలలో ప్రతి వీధికీ తెలిసిన వ్యాధి, ఏ ఇంటిలోనూ బాహాటంగా పలుకని వ్యాధి. మనవారు "గర్భసంచి జారింది" అనో, "కింద ఏదో దిగినట్లున్నది" అనో తల్లితోనో తోడికోడలితోనో చెప్పుకొని ఊరుకుంటారు. హోసూరు, కృష్ణగిరి వైపు తమిళ వైద్యుని ఎదుట ఇదే మాటను "గర్భప్పై ఇరక్కం" అనవలసి వస్తుంది. బళ్లారి, కోలారు వైపు "గర్భకోశ జారువికె" అంటారు. మహారాష్ట్రలో "అంగ్ బాహేర్ యేణే" అంటే అక్కడి నర్సుకు వెంటనే అర్థమవుతుంది. మాట తెలియక, సిగ్గు విడువలేక, పదేళ్లూ పదిహేనేళ్లూ ఈ బాధను కొంగు చాటున దాచుకొన్న స్త్రీలు మన పల్లెలలో కొల్లలు.

ఈ వ్యాధికి చేసే ఆపరేషన్లలో ఒక రకమైన దానిలో సన్నని ప్లాస్టిక్ దారాలతో అల్లిన వల వంటి వస్త్రాన్ని శరీరం లోపల శాశ్వతంగా అమర్చుతారు. వైద్యులు దీనిని మెష్ అంటారు. హెర్నియా ఆపరేషన్ పుణ్యమా అని మన ఊళ్లలో దీనికి జాలీ అన్న పేరు స్థిరపడింది. ఈ జాలీ కొందరిలో ఏ ఇబ్బందీ లేకుండా ఇమిడిపోతుంది. మరికొందరిలో నెలలకో సంవత్సరాలకో బాధ పెట్టనారంభిస్తుంది. అప్పుడు దానిని తీయవలసి వస్తుందా, తీస్తే ఎంత మేరకు తీస్తారు, తీసిన తరువాత ఏమవుతుంది, పాత ఆసుపత్రి నుండి ఏ కాగితాలు తెచ్చుకోవాలి అన్న విషయాలను ఇక్కడ వివరిస్తున్నాము.

జారడమంటే ఏమిటి

పొత్తికడుపు అడుగున కండరాలు, బంధకాలు కలిసి ఒక ఉట్టి వలె ఏర్పడి మూత్రాశయాన్ని, గర్భాశయాన్ని, మలాశయాన్ని మోస్తూ ఉంటాయి. కాన్పులలో ఈ ఉట్టి సాగుతుంది. బాలెంత లేచీ లేవకముందే నీళ్ల బిందెలు ఎత్తడం, కట్టెల మోపులు మోయడం, ఏళ్ల తరబడి దగ్గు, మలబద్ధకం, ముట్లుడిగిన తరువాత కండరాలు బలహీనపడడం, ఇవన్నీ దానిని మరింత సడలిస్తాయి. అప్పుడు ముందువైపు గోడ సడలితే మూత్రాశయం, వెనుకవైపు గోడ సడలితే మలాశయం, పైభాగం సడలితే గర్భాశయం యోనిమార్గంలోనికి దిగుతాయి.

గర్భసంచి తీసివేసిన స్త్రీలకు ఈ బాధ రాదనుకోవడం పొరపాటు. గర్భసంచి లేకపోయినా యోని పైకప్పు జారవచ్చును. తెలుగువారు ఈ సంగతిని ప్రత్యేకంగా గమనించవలసి ఉన్నది. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తొలగించబడినవారు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 మందిగా తేలినారు. నలభై ఏళ్లు నిండకముందే గర్భసంచి పోగొట్టుకొన్న ఈ తరం స్త్రీలు ఇప్పుడు అరవైకి చేరువవుతున్నారు. పైకప్పు జారడం వంటి ఇబ్బందులతో ఆసుపత్రులకు వెళ్లే వయస్సు ఇదే.

జారిన ప్రతివారికీ ఆపరేషన్ అవసరం లేదు. కటి కండరాల వ్యాయామం, లోపల అమర్చే రబ్బరు లేదా సిలికోన్ రింగు, మలబద్ధకానికీ దగ్గుకూ చికిత్స, వీటితోనే చాలామంది నెమ్మదిగా కాలం గడపవచ్చును. ఆపరేషన్ తప్పనిసరి అయినా స్వంత కండరాలనే కుట్టి బిగించే పద్ధతి ఉన్నది. జాలీ అన్నది అన్ని దారులలో ఒక దారి మాత్రమే.

జాలీ చరిత్ర

కడుపు గోడలోని హెర్నియాకు జాలీ వేయడం 1950లలో మొదలై క్రమంగా ప్రపంచమంతటా వ్యాపించింది. మన దేశంలోనూ గర్భాశయాన్ని పట్టీతో పైకి కట్టే ఆలోచన కొత్తది కాదు. ముంబయి వైద్యులు శిరోద్కర్, పురందరే తదితరులు, పిల్లలు కావలసిన యువతులకు గర్భాశయాన్ని తొలగించకుండా నిలబెట్టే శస్త్రచికిత్సలను రూపొందించి వైద్యలోకంలో పేరు పొందినారు. అవి కడుపు ద్వారా చేసే సన్నని పట్టీలు. 1990ల మధ్యలో స్వీడన్ వైద్యుడు ఉల్ఫ్ ఉల్మ్‌స్టెన్, దగ్గినప్పుడు తుమ్మినప్పుడు మూత్రం జారే స్త్రీలకు పాలీప్రొపిలీన్ టేపును యోని ద్వారా అమర్చే పద్ధతిని ప్రవేశపెట్టినారు. దాని విజయాన్ని చూసి, జారిన అవయవాలకు కూడా అదే పదార్థంతో పెద్ద జాలీలను యోని ద్వారా అమర్చవచ్చునన్న ఆలోచన బయలుదేరింది. 2002లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఈ పనికై మొదటి జాలీకి అనుమతి ఇచ్చింది. రెండు మూడేళ్లలోనే జాలీ, దానిని గుచ్చే పొడవైన సూదులు కలిపిన కిట్లు మార్కెట్టులోనికి వచ్చినాయి.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఆ అనుమతులు అంతకుముందున్న పరికరాలతో పోలిక చూపి పొందినవి. ఆ పనికై స్త్రీలలో దీర్ఘకాలం పరీక్షించి పొందినవి కావు. కడుపు గోడ వేరు, యోని గోడ వేరు. కడుపు చర్మాన్ని శుభ్రపరచి, మందమైన పొరల మధ్య జాలీని ఉంచవచ్చును. యోని గోడ పలుచనిది, సహజంగానే సూక్ష్మజీవులు ఉండే చోటు, నిత్యం కదిలే చోటు, దాంపత్యానికి సంబంధించిన చోటు. ఈ భేదాన్ని ముందుగానే ఆలోచించవలసిన వారు ఆలోచించలేదు.

2008 అక్టోబరులో అమెరికా సంస్థ తొలి హెచ్చరిక జారీ చేసింది. అప్పటికి మూడేళ్లలో తొమ్మిది కంపెనీల ఉత్పత్తులపై వేయికి పైగా ఫిర్యాదులు అందినాయి. 2008 నుండి 2010 వరకు మరి 2,874 వచ్చినాయి. 2011 జూలైలో అదే సంస్థ, తీవ్రమైన దుష్ఫలితాలు అరుదు కావని స్పష్టంగా ప్రకటించింది. యోని ద్వారా జాలీ అమర్చినవారిలో సుమారు పదిమందికి ఒకరికి ఏడాదిలోపే జాలీ బయటపడుతున్నదని లెక్క చెప్పింది. 2016లో ప్రకటితమైన ఒక విస్తృత పరిశోధనా సమీక్షలో నూటికి 12 మందిలో జాలీ బయటపడినట్లు, నూటికి 8 మందికి దానికోసమే మళ్లీ ఆపరేషన్ జరిగినట్లు తేలింది. 2017లో బ్రిటన్‌లో జరిగిన పెద్ద అధ్యయనం, మొదటిసారి ఆపరేషన్ చేయించుకొనేవారికి జాలీ వలన అదనపు మేలేమీ కనబడలేదని నిర్ధారించింది.

ఆ తరువాత నిషేధాలు వరుసగా వచ్చినాయి. 2017 చివరలో ఆస్ట్రేలియా, న్యూజీలాండ్. 2018 జూలైలో ఇంగ్లండ్. 2019 ఏప్రిల్ 16న అమెరికా. అమెరికాలో ఆనాటికి ఇంకా అమ్ముతున్న కంపెనీలు రెండే, వాటినీ ఆపివేయమన్నారు. 2020 జూలైలో బ్రిటన్‌లో బారొనెస్ కంబర్లెజ్ నాయకత్వాన వెలువడిన నివేదిక, ఈ స్త్రీల మాటను వైద్యవ్యవస్థ ఏళ్ల తరబడి వినలేదని నిష్ఠురంగా పేర్కొన్నది. జాలీ తొలగించే ప్రత్యేక కేంద్రాలు అక్కడ 2021లో ప్రారంభమైనాయి. స్కాట్లండ్ స్త్రీలు స్వంత ఖర్చుతో బయటి దేశాలకు వెళ్లి తీయించుకొన్నందుకు ఆ సొమ్ము తిరిగి చెల్లించేలా 2022లో అక్కడి పార్లమెంటు ఒక చట్టమే చేసింది. వైద్యం కోసం హద్దు దాటడమంటే ఏమిటో తెలిసిన మనకు ఆ చట్టం విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

పై నిషేధాలన్నీ ఒకే రకమైనవి కావు. అమెరికా ఉత్తర్వు జారిన అవయవాలకు యోని ద్వారా అమర్చే జాలీకి మాత్రమే వర్తిస్తుంది. కడుపు ద్వారా లేదా లాప్రోస్కోపీ ద్వారా యోని పైకప్పును వెన్నెముక అడుగుభాగానికి కట్టే జాలీకి గాని, మూత్రం జారకుండా వేసే సన్నని టేపుకు గాని వర్తించదు. కడుపు ద్వారా వేసిన జాలీలో ఈ బాధ తక్కువే గాని అసలు లేకపోలేదు. అమెరికాలో ఏడేళ్ల పాటు సాగిన ఒక అధ్యయనం ప్రకారం నూటికి సుమారు పదిమందిలో అది బయటపడే అవకాశమున్నది. పైగా విదేశీ ఉత్తర్వులు మన దేశంలో వాటంతట అవే అమలులోనికి రావు. కాబట్టి "జాలీ వేసినారు" అన్న ఒక్క మాట చాలదు. ఏ జాలీ, ఏ దారిన, దేనికోసం వేసినారన్నది తెలియాలి.

బాధలు ఎలా కనబడతాయి

కొందరిలో యోనిగోడ చీలి జాలీ అంచు లోపల తగులుతూ ఉంటుంది. దుర్వాసనతో కూడిన స్రావం, ముట్లుడిగిన తరువాత కూడా చుక్కలుగా రక్తం, కూర్చున్నప్పుడు గుచ్చుకోవడం దీని లక్షణాలు. దాంపత్యంలో స్త్రీకి నొప్పి కలుగుతుంది. భర్తకు ఏదో గీసుకొన్నట్లు అనిపిస్తుంది. ఆ సంగతిని బయటపెట్టలేక ఎన్నో ఇళ్లలో భార్యాభర్తలు ఒకరినొకరు తప్పుపట్టుకొంటూ ఉండిపోతారు.

జాలీ మూత్రాశయంలోనికి చొచ్చుకుపోతే మూత్రంలో రక్తం, మాటిమాటికీ మూత్రాశయ ఇన్ఫెక్షన్ కనబడతాయి, కొన్నిసార్లు జాలీ మీదనే రాయి పేరుకుంటుంది. మందులు వాడినప్పుడల్లా తగ్గి మళ్లీ మళ్లీ వచ్చే ఇన్ఫెక్షన్ ఉన్న స్త్రీకి గతంలో జాలీ వేసి ఉంటే, ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి. మలాశయంలోనికి పోతే మలంలో రక్తం, జిగురు కనిపిస్తాయి. జాలీ ముడుచుకొని బిగుసుకుపోతే పిరుదు, గజ్జ, తొడ లోపలి భాగాలలో లాగినట్లు నొప్పి ఉంటుంది. ఈ నొప్పిని నడుమునొప్పిగానో, కీళ్లవాతంగానో, వయస్సు వలన వచ్చినదిగానో భావించి ఏళ్ల తరబడి మాత్రలు మింగినవారు అన్ని దేశాలలోనూ ఉన్నారు.

చక్కెర వ్యాధి, పొగ త్రాగడం జాలీ బయటపడే అవకాశాన్ని పెంచుతాయి. శ్రీకాకుళం నుండి గంజాం వరకు తీరప్రాంత పల్లెలలో పెద్దవయస్సు స్త్రీలకు చుట్టను నిప్పు లోపలికి పెట్టి త్రాగే అడ్డపొగ అలవాటున్నదని తెలిసిందే. నోటి పుండ్లకు భయపడి మానని వారు ఈ కారణానికైనా, ఆపరేషన్‌కు ముందు కొన్ని వారాలు మానడం అవసరం.

విపరీతమైన జ్వరం, ఆగని రక్తస్రావం, మూత్రం పూర్తిగా బిగుసుకుపోవడం, యోని నుండి మూత్రం గాని మలం గాని రావడం, ఇవి కనబడితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

తీయాలా, వద్దా

ఏ బాధా లేనివారు వార్తలు చదివి భయపడి జాలీ తీయించుకోరాదు. ఇది అమెరికా సంస్థ కూడా చెప్పిన మాట. మామూలుగా చేయించుకొనే పరీక్షలు కొనసాగిస్తే చాలును.

బయటపడిన భాగం చిన్నదై, నొప్పి లేకపోతే మొదట ఈస్ట్రోజెన్ క్రీమును కొన్ని వారాలు రాసి చూస్తారు. ముట్లుడిగినవారిలో యోనిగోడను ఇది మందపరుస్తుంది. కండరాలు బిగుసుకొన్నందువలన వచ్చే నొప్పికి కటి కండరాల ఫిజియోథెరపీ, నొప్పి ఉన్న చోట ఇంజెక్షన్లు కొందరికి ఉపశమనం ఇస్తాయి. వీటితో తగ్గనప్పుడు, లేదా జాలీ మూత్రాశయంలోనో మలాశయంలోనో చొచ్చుకొన్నప్పుడు, చీము పట్టినప్పుడు శస్త్రచికిత్స ఆలోచించవలసి వస్తుంది.

ముందు పరీక్షలలో చేతితో చేసేదే ప్రధానం. ఏ చోట నొక్కితే ఆ నొప్పి పుడుతున్నదో గుర్తించడం అనుభవజ్ఞురాలైన వైద్యురాలి పని. మూత్రాశయంలోనికి సన్నని కెమెరా గొట్టం పంపి చూడడం దాదాపు తప్పనిసరి. పాలీప్రొపిలీన్ జాలీ సాధారణ ఎక్స్‌రేలో కనబడదు, సి.టి. స్కానులోనూ సరిగా తెలియదు. యోని ద్వారం వద్ద నుండి చేసే అల్ట్రాసౌండ్‌లో మాత్రం చక్కగా కనబడుతుంది. వెన్నెముకకు కట్టిన జాలీకైతే ఎం.ఆర్.ఐ. ఉపకరిస్తుంది. "ఎక్స్‌రేలో ఏమీ లేదు, అంతా మీ భ్రమ" అని ఎవరైనా పంపివేస్తే ఈ సంగతిని గుర్తుంచుకొని మరొక అభిప్రాయం తీసుకోవాలి.

శస్త్రచికిత్స ఎలా చేస్తారు

జాలీని తీయడం వేయడం కంటే ఎంతో కష్టం. వేసేటప్పుడు అది విడిగా ఉన్న వస్త్రం. కొన్ని నెలలలో దాని రంధ్రాలలోనికి మన శరీర కణజాలం చొచ్చుకొని అల్లుకుంటుంది. రంధ్రాలు 75 మైక్రాన్ల కంటే పెద్దవిగా ఉండాలని నిపుణులు కోరడానికి కారణం కూడా ఇదే. అంతకు చిన్నవైతే సూక్ష్మజీవులు దూరగలవు గాని, వాటిని చంపే రక్తకణాలు దూరలేవు. అల్లుకోవడమే జాలీకి బలం, తీయవలసి వచ్చినప్పుడు అల్లుకోవడమే చిక్కు. సిమెంటు గోడలోని ఇనుపవలను గోడ చెడకుండా లాగడం ఎలాంటిదో ఆలోచిస్తే ఈ పని స్వభావం కొంత బోధపడుతుంది.

ఎంత తీయాలన్నదాన్ని బట్టి ఈ శస్త్రచికిత్స అనేక స్థాయిలలో ఉంటుంది. బయటపడిన చిన్న అంచును మాత్రమే కత్తిరించి, యోనిగోడ అంచులను తాజా పరచి దానిపై కప్పి కుట్టడం అన్నిటికంటె చిన్నది. యోనిగోడ వెనుక ఉన్న జాలీలో కొంత భాగాన్ని తీయడం తరువాతది. యోని ద్వారా అందే జాలీని అంతటినీ తీయడం ఇంకా పెద్దది. గజ్జలలోనికి, కటి బంధకాలలోనికి పోయిన చేతులతో సహా సమూలంగా తీయడం అన్నిటికంటె కఠినమైనది. రోగి, వైద్యుడు ఇద్దరూ "జాలీ తీసివేత" అన్న ఒకే మాట వాడుతూ ఇద్దరూ వేర్వేరు అర్థాలు తీసుకోవడం తరచుగా జరుగుతుంది. "పూర్తిగా తీసివేసినాము" అన్న వైద్యుని మాటకు అర్థం యోని భాగమంతా అని కావచ్చును. చేతులు లోపలే ఉండిపోయి ఉండవచ్చును. ఏ భాగం తీసినారు, ఏ భాగం మిగిలినది అన్నది స్పష్టంగా వ్రాయించుకోవడం అందుకే ముఖ్యం.

రోగికి వెన్నులో మత్తు లేదా పూర్తి మత్తు ఇస్తారు. యోనిగోడ కింద, రక్తస్రావం తగ్గించే మందు కలిపిన సెలైన్‌ను ఎక్కించి పొరలను విడదీస్తారు. గోడను తెరచి జాలీని గుర్తించి, మధ్యగా కత్తిరించి, ఒక పక్క మూత్రాశయం నుండి, మరొక పక్క యోనిగోడ నుండి మెల్లమెల్లగా వేరుచేస్తారు. ఈ ఘట్టంలోనే మూత్రాశయానికి, మూత్రనాళానికి, మలాశయానికి గాయమయ్యే ప్రమాదమున్నది. అందుచేత చివరలో మళ్లీ కెమెరాతో మూత్రాశయాన్ని పరిశీలించి, చిల్లు పడితే అక్కడికక్కడే కుడతారు. గజ్జల గుండా పోయిన చేతులను తీయాలంటే తొడ మొదట్లో మరో కోత అవసరం. నరాలు దగ్గరగా ఉండే చోటు గనుక, అక్కడ నొప్పి ఉన్నవారికే ఈ పని చేస్తారు. వెన్నెముకకు కట్టిన జాలీని కడుపు తెరచో లాప్రోస్కోపీ ద్వారానో తీయవలసి ఉంటుంది. పెద్ద రక్తనాళాలు, మూత్రనాళం, పేగులు పక్కనే ఉండడం వలన అది చాలా జాగ్రత్తతో కూడిన పని.

ఇది ప్రతి ఆపరేషన్ థియేటరులో చేసే పని కాదు. గైనకాలజీ, యూరాలజీ రెండు విభాగాలూ ఉన్న పెద్ద బోధనాసుపత్రి కావాలి. యూరోగైనకాలజీలో శిక్షణ పొందినవారుంటే మేలు. "మీరు ఇటువంటివి ఎన్ని చేసినారు?" అని అడగడం వైద్యుని అవమానించడం కాదు. మొదటి ఆపరేషన్ చేసిన వైద్యుని వద్దనే మళ్లీ చేయించుకోవాలన్న నియమమేమీ లేదు.

తరువాతి కాలం

చిన్న కత్తిరింపు అయితే ఒకటి రెండు రోజులలో ఇంటికి పంపుతారు. మూత్రాశయాన్ని కుట్టవలసి వస్తే గొట్టం వారం పది రోజులో, ఇంకా ఎక్కువో ఉంచుతారు. కొన్ని వారాలు స్రావం, చుక్కలుగా రక్తం ఉండవచ్చును. ఆరు వారాల పాటు బరువులెత్తరాదు, దాంపత్యం కూడదు. కోడలైనా అత్తైనా, నీళ్ల బిందె ఆ ఆరు వారాలు ఇంకొకరి చంకన ఉండవలసిందే.

ఫలితం గురించి నిజం చెప్పాలి. జాలీ బయటపడినందువలన వచ్చిన స్రావం, రక్తం, గుచ్చుకోవడం చాలామందికి తగ్గిపోతాయి. దీర్ఘకాలంగా వేధించిన నొప్పి విషయంలో అంత భరోసా లేదు. కొందరికి పూర్తిగా తగ్గుతుంది, కొందరికి కొంత తగ్గుతుంది, కొందరికి ఏ మార్పూ ఉండదు, అరుదుగా పెరుగుతుంది. ఏళ్ల తరబడి నొప్పిని మోసిన నరాలు, కారణం తొలగినా పాత అలవాటును వెంటనే మానవు. ఫిజియోథెరపీ, నొప్పి మందులు తరువాత కూడా కొనసాగించవలసి రావచ్చును.

ఆధారం తీసివేసినప్పుడు, జారిన అవయవం మళ్లీ జారవచ్చును. మూత్రం జారకుండా ఆపిన టేపును తీస్తే ఆ బాధ తిరిగి రావచ్చును. స్వంత కండరాలతో అదే సమయంలో కుట్టి బిగించాలా, లేక గాయం మానిన తరువాత చూడాలా అన్నది ముందే మాట్లాడుకోవాలి. అనేకులు రింగుతో తృప్తిపడతారు. వయస్సు మీరి దాంపత్యం అక్కరలేని వారికి యోనిమార్గాన్ని చాలామేరకు మూసివేసే సులభమైన ఆపరేషన్ కూడా ఉన్నది. కొందరికి ఒక్కసారితో పని ముగియక రెండు మూడు ఆపరేషన్లు అవసరమైన సందర్భాలున్నాయి.

కాగితాల సంగతి

వైద్యం కంటె ఈ భాగమే మన పాఠకులకు ఎక్కువగా ఉపయోగపడవచ్చును. సిరోంచ నుండి వరంగల్‌కు, యానాం నుండి కాకినాడకు, బరంపురం నుండి విశాఖపట్నానికి, బళ్లారి నుండి బెంగళూరుకు పోయి ఆపరేషన్ చేయించుకొని వచ్చేవారు మనలో ఎందరో. పదేళ్ల తరువాత బాధ మొదలైనప్పుడు ఆ ఊరూ, ఆ వైద్యుడూ, ఆ ఆసుపత్రీ అక్కడ ఉంటాయన్న నమ్మకం లేదు. చేతిలో ఉన్నది పచ్చబడిన మందుల చీటీ ఒకటి మాత్రమే అవుతుంది.

భారత వైద్య మండలి 2002లో చేసిన వృత్తి నియమావళి ప్రకారం ఆసుపత్రిలో చేరిన రోగి రికార్డులను వైద్యులు చికిత్స మొదలైన నాటి నుండి మూడేళ్లు భద్రపరచాలి. రోగి గాని, రోగి అధికారమిచ్చిన వ్యక్తి గాని అడిగితే రసీదు ఇచ్చి, 72 గంటలలోగా పత్రాలు అందజేయాలి. లెక్క చూడండి. రికార్డు ఉంచవలసినది మూడేళ్లు, జాలీ ఉండేది జీవితాంతం. నాలుగో ఏట కాగితం చింపివేసినా ఆ నియమం ప్రకారం తప్పు పట్టలేము. అందుచేత డిశ్చార్జి అయిన రోజునే అడగాలి.

ఏమి అడగాలి? డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే చాలదు. దానిలో చాలాసార్లు ఆపరేషన్ పేరు మాత్రమే ఉంటుంది. ఆపరేషన్ నోట్స్ నకలు అడగాలి. జాలీ పెట్టె మీద కంపెనీ పేరు, రకం, లాట్ నంబరు ముద్రించిన స్టిక్కరు ఉంటుంది. అది మన ఫైలులో అంటించమని కోరాలి. జాలీ తీసివేసినప్పుడు కూడా ఇదే పద్ధతి. తీసిన ముక్కల పొడవు వ్రాయించడం, ఫొటో తీయించడం, పరీక్షకు పంపిన ప్రయోగశాల నివేదికను తెచ్చుకోవడం అవసరం. ఈ పత్రాలు సాధారణంగా ఇంగ్లీషులోనే ఉంటాయి గనుక రాష్ట్రం మారినా చదవడానికి ఆటంకం ఉండదు. సంతకం పెట్టించుకొనే అంగీకార పత్రం మాత్రం కన్నడంలోనో తమిళంలోనో మరాఠీలోనో ఒడియాలోనో ఉండవచ్చును. చదవలేని కాగితం మీద వేలిముద్ర వేయడానికి ముందు, దానిలో జాలీ ప్రస్తావన ఉన్నదా అని తెలిసిన భాషలో చెప్పించుకొనే హక్కు రోగికి ఉన్నది. రోగ నిర్ధారణకు ఇచ్చిన అంగీకారం శస్త్రచికిత్సకు ఇచ్చినట్లు కాదని, ప్రాణాపాయం లేనప్పుడు ప్రతి శస్త్రచికిత్సకూ వేరుగా, అర్థమయ్యేలా వివరించి అంగీకారం పొందాలని 2008 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ కేసు కూడా ఒక స్త్రీ గర్భాశయాన్ని ఆమె మత్తులో ఉండగా తొలగించిన ఉదంతమే.

కాగితాలు అసలే లేనివారు నిరాశ చెందనక్కరలేదు. అల్ట్రాసౌండ్, చేతి పరీక్షల ద్వారా జాలీ రకాన్ని చాలావరకు ఊహించగలరు. ఆపరేషన్ జరిగిన సంవత్సరం, ఊరు, గజ్జలలో చిన్న మచ్చలున్నాయా, కడుపు మీద కోత ఉన్నదా అన్న సంగతులు చెప్పగలిగితే వైద్యునికి సగం పని తీరుతుంది.

ఖర్చు, ఫిర్యాదు

ఒక రాష్ట్రపు ఆరోగ్య పథకం పొరుగు రాష్ట్రపు రేషను కార్డుకు వర్తించదన్నది మనకు కొత్త సంగతి కాదు. ఆయుష్మాన్ భారత్ కార్డు ఉన్నవారికి, ఆ పథకంలో చేరిన ఆసుపత్రులలో ఏ రాష్ట్రంలోనైనా చికిత్స పొందే సదుపాయం ఉన్నది. అయితే జాలీ తీసివేత ఏ ప్యాకేజీ కిందకు వస్తుందో, ముందస్తు అనుమతి కావాలో ఆసుపత్రిలోని ఆరోగ్య మిత్రను అడిగి, ప్రయాణానికి ముందే తెలుసుకోవడం మంచిది. రానుపోను ఛార్జీలు, తోడు వచ్చినవారి కూలి నష్టం కూడా లెక్కలోనికి తీసుకోవాలి. అందుకే పరీక్షలన్నీ ఒకే ప్రయాణంలో పూర్తయ్యేలా తేదీలు అడిగి తీసుకోవాలి.

శరీరంలో అమర్చిన పరికరాల వలన కలిగే హానిని నమోదు చేయడానికి భారత ప్రభుత్వం 2015 జూలై 6న మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దీనిని నిర్వహిస్తుంది. 2020 ఏప్రిల్ నుండి వైద్య పరికరాలన్నీ ఔషధాల చట్టం పరిధిలోనికి వచ్చినాయి. వైద్యులే కాక రోగి గాని బంధువు గాని కూడా ఈ కార్యక్రమానికి ఫిర్యాదు పంపవచ్చును. ఆ కమిషన్ ఉచిత ఫోను సంఖ్య 1800-180-3024 పని దినాలలో పనిచేస్తుంది. ఫోను చేసేటప్పుడు జాలీ కంపెనీ పేరు, లాట్ నంబరు, అమర్చిన తేదీ, బాధ మొదలైన తేదీ దగ్గర ఉంచుకోవాలి. లాట్ నంబరు లేకపోయినా ఫిర్యాదు మానరాదు. అమెరికా, బ్రిటన్‌లలో ఈ విషయం వెలుగులోనికి వచ్చినది స్త్రీలు ఒక్కొక్కరుగా పంపిన ఇటువంటి ఫిర్యాదుల మొత్తం వలననే.